నిషేధం ముగిశాక ఏం పాడారు? జునూన్ మలి ఆల్బమ్‌ల చరిత్ర

2025 మే 8న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఒక అడ్వైజరీ జారీ చేసింది. పాకిస్తాన్‌లో తయారైన వెబ్ సిరీస్‌లు, సినిమాలు, పాటలు, పాడ్‌కాస్ట్‌లను తక్షణం నిలిపివేయాలని ఓటీటీ, స్ట్రీమింగ్ వేదికలకు అది సూచించింది. పహల్గాంలో ఇరవై ఆరుమంది ప్రాణాలు తీసిన ఉగ్రదాడి జరిగి అప్పటికి పదహారు రోజులు. సరిహద్దుకు అటూ ఇటూ క్షిపణులు ఎగురుతున్న ఆ వారంలో పాటల గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. అది సహజం. అయితే యుద్ధవేళ తీసుకున్న నిర్ణయాలను శాంతివేళ మళ్లీ పరిశీలించడం ప్రజాస్వామ్యంలో పౌరుల పని. ఆ పరిశీలనకు ఉపకరించే చరిత్ర ఒకటి ఉంది. జునూన్ అనే పాకిస్తానీ రాక్ బృందం చరిత్ర అది. ముఖ్యంగా, దాని తొలి రోజుల ప్రఖ్యాతి మాటున పడిపోయిన మలి ఆల్బమ్‌ల చరిత్ర.

తొంభైల చివర కాలేజీలో ఉన్నవారికి జునూన్ అంటే ‘సయోనీ’ పాట. మ్యూజిక్ చానళ్లలో అది ఎంతగా మోగిందో ఆ తరానికి చెప్పనక్కరలేదు. రాజకీయ వార్తలు చదివేవారికి జునూన్ అంటే 1998: అణుపరీక్షలను ప్రశ్నించి సొంత ప్రభుత్వం చేత నిషేధానికి గురైన బృందం. ఈ రెండు జ్ఞాపకాలూ నిజమే. కానీ రెండూ ఒకే ఏడాది దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత ఆ బృందం పర్వాజ్, అందాజ్, దీవార్ అనే మూడు ఆల్బమ్‌లు చేసింది, విడిపోయింది, ఒక్కడే మిగిలిన గిటారిస్టు ఆ పేరును మరికొంత దూరం మోసుకెళ్లాడు. 1998 నుంచి నేటిదాకా భారత్, పాకిస్తాన్‌ల మధ్య తెరుచుకున్న తలుపులు, మూసుకున్న తలుపులు అన్నీ ఆ పాటల వెనుక కనిపిస్తాయి.

జియా నీడలో పుట్టిన తరం

సల్మాన్ అహ్మద్ బాల్యంలో కొన్నేళ్లు న్యూయార్క్ శివారులోని టప్పాన్‌లో గడిచాయి. 1977లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లెడ్ జెప్లిన్ కచేరీ చూసిన కుర్రవాడు గిటార్ పట్టుకున్నాడు. కుటుంబం ఆయనను లాహోర్ తీసుకువెళ్లి కింగ్ ఎడ్వర్డ్ మెడికల్ కాలేజీలో చేర్చింది. డాక్టరు పట్టా తీసుకుని గిటారిస్టు అయిన మనిషి ఆయన. అప్పుడు పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ సైనిక పాలన సాగుతోంది. మతం పేరిట కళల మీద కట్టుబాట్లు బిగుసుకున్న కాలమది. 1987 ఆగస్టులో, జియా ఇంకా అధికారంలో ఉండగానే, వైటల్ సైన్స్ అనే బృందం ‘దిల్ దిల్ పాకిస్తాన్’ పాటతో ప్రభుత్వ టెలివిజన్ తెర మీదికి వచ్చింది. పాప్ సంగీతానికి దేశభక్తి ఒక పర్మిట్‌లా పనిచేసింది. ఆ తర్వాత సల్మాన్ అదే బృందంలో కొద్దికాలం గిటార్ వాయించాడు.

కానీ ఆయనకు కావలసింది అంత మెత్తని పాట కాదు. 1990లో వైటల్ సైన్స్ నుంచి బయటకు వచ్చి, గాయకుడు అలీ అజ్మత్‌తో కలిసి జునూన్ ప్రారంభించాడు. టప్పాన్‌లో తన చిన్ననాటి స్నేహితుడైన అమెరికన్ బ్రయన్ ఓకానెల్ బేస్ గిటార్ వాయించడానికి కొద్దికాలానికి పాకిస్తాన్ వచ్చి అక్కడే ఉండిపోయాడు. 1991లో వచ్చిన తొలి ఆల్బమ్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1993లో వచ్చిన ‘తలాష్’ కొంత గుర్తింపు తెచ్చింది. 1996 నాటి ‘ఇంక్విలాబ్’తో బృందానికి తన దారి దొరికింది. ఎలక్ట్రిక్ గిటార్ పక్కన తబలా, ఢోలక్. పాశ్చాత్య రాక్ స్వరాల మీద పంజాబీ సూఫీ పదాలు. ‘సూఫీ రాక్’ అనే పేరు అలా స్థిరపడింది. ఆ ఏడాది ప్రపంచ కప్ క్రికెట్ సందడిలో ‘జజ్బా ఎ జునూన్’ పాట దేశమంతా మారుమోగింది.

క్రికెట్ పాటతో గెలిచినవారు అక్కడితో ఊరుకోలేదు. ‘ఎహ్తెసాబ్’, అంటే జవాబుదారీ, అనే పాట వీడియోలో ఒక పోలో గుర్రం ఖరీదైన హోటల్లో భోజనం చేస్తుంది. పాలకుల గుర్రపుశాల గురించి పత్రికలు రాస్తున్న రోజులవి; ఆ గుర్రం ఎవరిదో పాకిస్తానీ ప్రేక్షకులకు విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. ప్రభుత్వ టెలివిజన్ ఆ పాటను ఆపేసింది. జునూన్‌కూ రాజ్యానికీ మధ్య ఆట అక్కడ మొదలైంది.

1998: ఒక మాట, ఒక నిషేధం

‘ఆజాదీ’ ఆల్బమ్ ఈ ఘర్షణను సరిహద్దు దాటించింది. అందులోని ‘సయోనీ’ భారతదేశంలో సాధించిన విజయం అంతకు ముందు ఏ పాకిస్తానీ రాక్ పాటకూ దక్కలేదు. గజళ్లు, ఖవ్వాలీల రూపంలో పాకిస్తాన్ సంగీతం మనకు కొత్త కాదు. మెహదీ హసన్, గులాం అలీ, నుస్రత్ ఫతే అలీ ఖాన్‌లకు ఇక్కడ లక్షలాది శ్రోతలున్నారు. కానీ వారిని పెద్దలు విన్నారు. జునూన్‌ను కాలేజీ కుర్రకారు విన్నది. తమలాగే జీన్స్ వేసుకుని, జుట్టు పెంచుకుని, తమకు సగమో ముప్పావో అర్థమయ్యే భాషలో పాడే పాకిస్తానీలను వారు చూడటం అదే మొదలు.

అదే సమయంలో ఇస్లామాబాద్‌లో నవాజ్ షరీఫ్ రెండో ప్రభుత్వం ప్రభుత్వ టెలివిజన్‌లో జీన్స్, పొడవాటి జుట్టు కనిపించరాదని ఆంక్షలు పెట్టింది. ఢిల్లీలో వాజపేయి ప్రభుత్వం 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది. మే 28, 30 తేదీల్లో పాకిస్తాన్ చాగై ప్రాంతంలో బదులిచ్చింది. రెండు దేశాల వీధుల్లోనూ మిఠాయిలు పంచారు. ఆ ఏడాది భారత్ పర్యటించిన జునూన్ సభ్యులు మాత్రం అణు పోటీ కన్నా సాంస్కృతిక కలయిక మేలనే అర్థంలో మాట్లాడారు. రెండు పేద దేశాలకు ఈ ఖర్చు అవసరమా అని అడిగారు.

ఆ ప్రశ్నకు ఇస్లామాబాద్ ఇచ్చిన జవాబు నిషేధం. ద్విజాతి సిద్ధాంతాన్ని కించపరిచారని, శత్రుగడ్డ మీద దేశానికి వ్యతిరేకంగా మాట్లాడారని ఆరోపణలు వచ్చాయి. బృందం వాటిని తోసిపుచ్చింది. అయినా ప్రభుత్వ రేడియో, టెలివిజన్‌ల తలుపులు మూసుకున్నాయి. బహిరంగ కచేరీలకు అనుమతులు ఆగిపోయాయి. ప్రైవేటు చానళ్లు ఇంకా పుట్టని దేశంలో ప్రభుత్వ టెలివిజన్ లేదంటే పాట వినిపించే దారే లేదన్నమాట. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పోఖ్రాన్‌ను ప్రశ్నించిన భారతీయులను ఇక్కడివారు దేశద్రోహులన్నారు. చాగైని ప్రశ్నించిన పాకిస్తానీలను అక్కడివారు అదే మాట అన్నారు. పరీక్షించిన బాంబులు వేరు కావచ్చు. వాడిన తిట్టు ఒక్కటే.

పర్వాజ్: గొంతు తగ్గించిన ధిక్కారం

ఇలాంటి స్థితిలో ఉన్న బృందం తర్వాతి ఆల్బమ్ ఎలా చేస్తుందని ఎవరైనా ఊహిస్తారు? మరింత బిగ్గరగా, మరింత కోపంగా అనుకుంటారు. 1999లో వచ్చిన ‘పర్వాజ్’ అందుకు పూర్తి విరుద్ధం. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డయిన ఈ ఆల్బమ్ ఎక్కువ భాగం పద్దెనిమిదో శతాబ్దపు పంజాబీ సూఫీ కవి బుల్లే షా పదాల మీద నడుస్తుంది. ప్రధానమంత్రి లేడు, గుర్రం లేదు, బాంబు లేదు. మూడువందల ఏళ్ల కిందటి ఒక ఫకీరు తన్ను తాను వెతుక్కునే మాటలున్నాయి.

దీన్ని వెనకడుగు అనుకుంటే పొరపాటు. తెలుగువారికి వేమన ఎలాగో పంజాబీలకు బుల్లే షా అలాగ. కసూర్‌లో సమాధి అయిన ఈ కవి ముల్లాను, పండితుణ్ణి ఒకే గాటన కట్టాడు. గొప్ప సయ్యద్ వంశంలో పుట్టి, తక్కువ కులమని లోకం భావించిన అరాయీ గురువు షా ఇనాయత్‌కు శిష్యుడయ్యాడు. తాను మసీదులో నమాజు చేసే విశ్వాసినీ కాను, అవిశ్వాసినీ కాను, నేనెవరో నాకే తెలియదు అన్న ఆయన భావన పంజాబీ నోళ్లలో నేటికీ నానుతోంది. పౌరుడి గుర్తింపును మతంతో ముడివేసిన దేశంలో, ఆ మతం పేరిట నిషేధానికి గురైన బృందం, ‘నేనెవరో తెలియదు’ అన్న కవిని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. పైగా బుల్లే షా పాడినందుకు ఎవరినైనా శిక్షించాలంటే కసూర్ దర్గాకు వెళ్లే లక్షలమందిని కూడా శిక్షించాలి. రాజ్యం చేతికి అందని చోటు చూసుకుని నిలబడ్డారు.

సంగీతపరంగానూ ఇది తెలివైన ఎంపిక. బుల్లే షా రాసిన కాఫీలలో పల్లవి పదేపదే తిరిగి వస్తుంది. ప్రతిసారీ అర్థం కొంచెం లోతవుతుంది. రాక్ గిటార్‌లో రిఫ్ అనే స్వరగుచ్ఛం చేసే పని కూడా అదే. సల్మాన్ ఈ రెండింటి పోలికను పట్టుకున్నాడు. అంతకు ముందు ఆల్బమ్‌లలో సూఫీ పదం గిటార్‌కు అలంకారంగా ఉండేది. ‘పర్వాజ్’లో గిటార్ పదానికి శ్రుతిపెట్టెలా మారింది. జునూన్ ఆల్బమ్‌లలో నిలకడైనది ఏదని అడిగితే నేను దీనినే చెబుతాను, ‘ఆజాదీ’ని కాదు.

1999 ఫిబ్రవరిలో వాజపేయి బస్సెక్కి లాహోర్ వెళ్లారు. మే నుంచి జులై దాకా కార్గిల్ కొండల్లో యుద్ధం జరిగింది. అక్టోబరు 12న ముషారఫ్ అధికారం చేజిక్కించుకున్నారు. ‘పర్వాజ్’ వచ్చిన ఏడాది క్యాలెండరు ఇది. భారత్‌లో అది ‘సయోనీ’లాగా మోగకపోవడానికి సంగీతం కారణం కాదని దీన్ని చూస్తేనే అర్థమవుతుంది. కార్గిల్ శవపేటికలు ఊళ్లకు చేరుతున్న వేళ పాకిస్తానీ పాట వినే మనసు ఎంతమందికి ఉంటుంది? కానీ విత్తనం వృథా కాలేదు. అయిదారేళ్ల తర్వాత ఢిల్లీ గాయకుడు రబ్బీ షేర్‌గిల్ అదే బుల్లే షా కవితను గిటార్ మీద పాడితే ఉత్తర భారతమంతా ఊగిపోయింది. ఇద్దరు గాయకులు, రెండు పాస్‌పోర్టులు; కవి ఒక్కడే. అతడు పుట్టిన నాటికి ఆ రెండు దేశాలూ లేవు.

అందాజ్, ఇష్క్: ఒక ఆల్బమ్‌కు రెండు పేర్లు

2001లో వచ్చిన తర్వాతి ఆల్బమ్‌కు పాకిస్తాన్‌లో ‘అందాజ్’ అని పేరు, భారత్‌లో ‘ఇష్క్’. చిన్న విషయంలా కనిపించే ఈ మార్పులో పెద్ద సంగతి ఉంది. పాకిస్తానీ పేరు ‘జమానే కే అందాజ్’ అనే పాట నుంచి వచ్చింది. అది కాలం తీరు మారిందని, పాత పాలన విసుగెత్తించిందని చెప్పే ఇక్బాల్ కవిత ఆధారంగా చేసిన పాట. అప్పటికి ముషారఫ్ పాలనకు రెండేళ్లు. సైనిక పాలకుడి కింద ఇక్బాల్‌ను ఎత్తుకుని కాలం మారిందని పాడటంలో రెండర్థాలు ధ్వనిస్తాయి: కొత్త పాలకుణ్ణి ఆహ్వానించినట్టూ ఉంటుంది, హెచ్చరించినట్టూ ఉంటుంది. భారత మార్కెట్‌కు మాత్రం ప్రేమ చాలు. ఇక్కడి శ్రోతకు పాకిస్తాన్ నుంచి రాజకీయం వద్దు, ఇష్క్ పంపండి అన్నట్టుగా ఉంది ఆ పేరు మార్పు.

ఇక్బాల్‌తో జునూన్ బంధానికి అంతకు ముందే చరిత్ర ఉంది. ‘ఆజాదీ’లో ఆయన ‘ఖుదీ’ ద్విపదను పాడినప్పుడు, జాతీయ కవిని ఎలక్ట్రిక్ గిటార్ మీదికి ఎక్కిస్తారా అని అభ్యంతరాలు వచ్చాయి. ఇక్బాల్ పాకిస్తాన్‌కు సిద్ధాంతకర్త. మనకు ‘సారే జహాసే అచ్ఛా’ కవి. ఒక కవిని రెండు దేశాలు చెరో సగం పంచుకుని మిగతా సగాన్ని మరచిపోవడం ఉపఖండపు అలవాటు. జునూన్ మూడో ఇక్బాల్‌ను, అంటే తిరగబడమని యువకుణ్ణి తట్టిలేపే ఇక్బాల్‌ను వెతికింది.

సెప్టెంబరు 11 దాడులు ఆ ఆల్బమ్ జాతకాన్నీ, ఆ బృందం జాతకాన్నీ మార్చివేశాయి. 2001 అక్టోబరు 24న ఐక్యరాజ్యసమితి దినోత్సవం సందర్భంగా జునూన్ న్యూయార్క్‌లోని సర్వప్రతినిధి సభ మందిరంలో కచేరీ చేసింది. ఆ మందిరంలో వాయించిన తొలి రాక్ బృందంగా పేరు పొందింది. అఫ్ఘానిస్తాన్ మీద బాంబులు పడుతున్న రోజులవి. వీహెచ్1 చానల్ వారి మీద ప్రత్యేక కార్యక్రమం చేసింది. పాశ్చాత్య మీడియాకు అప్పుడు ‘మంచి ముస్లిం’ ఒకడు అత్యవసరంగా కావాలి. గిటార్ పట్టుకున్న ముస్లిం అయితే ఇంకా మంచిది. ఆ పాత్ర జునూన్‌కు అమెరికాలో వేదికలిచ్చింది. దానికి బదులుగా, సొంత దేశంలో ‘ఎహ్తెసాబ్’ నాటి నమ్మకంలో కొంత పోయిందని నా అభిప్రాయం. నిషేధించిన ప్రభుత్వం కన్నా నెత్తిన పెట్టుకున్న ప్రపంచం ఒక్కోసారి కళాకారుడికి ఎక్కువ కష్టం తెచ్చిపెడుతుంది.

దీవార్: గోడ ఎవరి మధ్య?

2003లో ‘దీవార్’ వచ్చింది. పేరుకు అర్థం గోడ. అది దేశాల మధ్య గోడగా మొదలై బృందంలోని మనుషుల మధ్య గోడగా ముగిసింది. ఇందులోని ‘గరజ్ బరస్’ పాట అలీ అజ్మత్ గొంతుతో పూజా భట్ దర్శకత్వం వహించిన ‘పాప్’ సినిమాలోకి వెళ్లింది. అదే సినిమాతో రాహత్ ఫతే అలీ ఖాన్ హిందీ సినీ గాయకుడయ్యాడు. అదే కాలంలో వాజపేయి శ్రీనగర్‌లో స్నేహహస్తం చాచారు. 2003 నవంబరులో నియంత్రణ రేఖ వెంబడి కాల్పుల విరమణ అమలైంది. 2004లో భారత క్రికెట్ జట్టు పాకిస్తాన్ వెళ్లింది. గోడ అనే పేరుతో వచ్చిన ఆల్బమ్, గోడకు కన్నాలు పడిన కాలంలో వచ్చింది.

పాకిస్తాన్ లోపల కూడా గోడలు కదులుతున్నాయి. 2002లో ముషారఫ్ ప్రభుత్వం ప్రైవేటు చానళ్లకు దారి తెరిచింది. ఒక సైనిక నియంత గాలితరంగాలను విడుదల చేయడం, ఎన్నికైన ప్రధాని వాటిని బిగించి ఉంచడం మన ప్రజాస్వామ్య సూత్రాలకు మింగుడుపడని నిజం, అయినా నిజమే. మరోవైపు అదే ఏడాది ఎన్నికల్లో వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో మతపార్టీల కూటమి గెలిచి బస్సుల్లో పాటలను సైతం నిషేధించింది. సల్మాన్ పెషావర్ వెళ్లి సంగీతం హరాం అని ఖురాన్‌లో ఎక్కడుందో చూపమని మత పెద్దలను అడిగిన డాక్యుమెంటరీ 2003లో వచ్చింది. ప్రభుత్వ టెలివిజన్ పెట్టిన నిషేధం ఒకప్పుడు పైనుంచి వచ్చేది. ఇప్పుడు నిషేధం పక్కవీధి నుంచి రావడం మొదలైంది.

ఈ కొత్త స్వేచ్ఛలోనే బృందం విడిపోయింది. 2005 నాటికి అలీ అజ్మత్ సొంత ఆల్బమ్ ‘సోషల్ సర్కస్’ తెచ్చాడు. బ్రయన్ తప్పుకున్నాడు. ఒకే తలుపు ఉన్నప్పుడు ముగ్గురూ కలిసి తోశారు; పది తలుపులు తెరుచుకోగానే ఎవరి తలుపు వారు చూసుకున్నారు. ఇది జునూన్‌కే పరిమితమైన సంగతి కాదు. నిరంకుశత్వాన్ని ఎదిరించే కూటములు ఆ నిరంకుశత్వం సడలగానే చీలిపోవడం 1977 తర్వాత మన జనతా ప్రయోగంలోనూ చూశాం.

మూడు దారులు

వైటల్ సైన్స్ నుంచి జునూన్ దాకా సాగిన ఆ తరం గాయకులు చివరికి ఎక్కడెక్కడ తేలారో చూస్తే పాకిస్తాన్ నగర మధ్యతరగతి చరిత్ర మొత్తం అందులో కనిపిస్తుంది. ‘దిల్ దిల్ పాకిస్తాన్’ పాడిన జునైద్ జంషేద్ సంగీతం వదిలి మత ప్రచారకుడయ్యాడు. 2016 డిసెంబరులో విమాన ప్రమాదంలో మరణించాడు. అలీ అజ్మత్ కొంతకాలం తీవ్ర జాతీయవాద వ్యాఖ్యాత జైద్ హమీద్‌తో కలిసి ఇక్బాల్ పేరు మీద టీవీ కార్యక్రమం నడిపాడు. జునూన్ వెతికిన మూడో ఇక్బాల్ అక్కడ మళ్లీ మొదటి ఇక్బాల్ అయ్యాడు. సల్మాన్ ఐక్యరాజ్యసమితి సద్భావన రాయబారిగా, అంతర్జాతీయ శాంతి వేదికల గాయకుడిగా వెళ్లాడు. ఇమ్రాన్ ఖాన్ కేన్సర్ ఆసుపత్రి విరాళాల రోజుల నుంచి ఆయనకు సన్నిహితుడు. పార్టీకి గొంతుగా నిలిచాడు. ఇమ్రాన్ జైలులో ఉండగా 2024 చివర అదే పార్టీ ఆయనను బహిష్కరించింది.

మతం, జాతీయవాదం, అవినీతి వ్యతిరేక వ్యక్తిపూజ: ఆ మధ్యతరగతికి దొరికిన మూడు దారులు ఇవే. ఒక్కరు కూడా మామూలు పార్లమెంటరీ రాజకీయాన్ని నమ్ముకోలేదు. దానిని నమ్మే అవకాశం ఆ దేశ సైన్యం వారికెన్నడూ ఇవ్వలేదు.

నాలుగో దారి ఒకటుంది, అది సంగీతానిదే. వైటల్ సైన్స్‌లో కీబోర్డు వాయించిన రొహైల్ హయాత్ 2008లో పాకిస్తాన్ కోక్ స్టూడియో ప్రారంభించాడు. తొలి ఏడాదే అలీ అజ్మత్, రాహత్ ఫతే అలీ ఖాన్ కలిసి అందులో ‘గరజ్ బరస్’ పాడారు. జునూన్ వేసిన పునాది మీద, అంటే గిటార్ పక్కన ఖవ్వాలీని కూర్చోబెట్టే పద్ధతి మీద, ఆ కార్యక్రమం భారత్‌లో కోట్లాది శ్రోతలను సంపాదించింది. ‘దీవార్’ అప్పట్లో సరిగా అమ్ముడుపోయినా పోకపోయినా, దాని పాట బతికింది.

దాల్ ఒడ్డున ఒక సాయంత్రం

సల్మాన్ ఒక్కడే జునూన్ పేరు మోస్తూ 2008లో ‘ఇన్ఫినిటీ’ ఆల్బమ్ తెచ్చాడు. అంతకు ముందు శుభా ముద్గల్‌తో ‘ఘూమ్ తానా’ పాట చేశాడు; దాని వీడియోలో నసీరుద్దీన్ షా, నందితా దాస్ కనిపిస్తారు. అలీ గొంతు లేని జునూన్‌లో ఏదో లోటు వినిపిస్తుందనేది కాదనలేని నిజం. సల్మాన్ గొప్ప గిటారిస్టు. గొప్ప గాయకుడు కాదు. అయినా ఆ ఏడాదే ఆ పేరు తన చరిత్రలోకెల్లా సాహసమైన వేదిక ఎక్కింది.

2008 మే 25న శ్రీనగర్‌లో, దాల్ సరస్సు ఒడ్డున, జునూన్ కచేరీ జరిగింది. లాహోర్‌లో పుట్టి భారత దౌత్యవేత్తగా పనిచేసిన మదన్‌జీత్ సింగ్ స్థాపించిన సౌత్ ఏషియా ఫౌండేషన్ దాన్ని ఏర్పాటు చేసింది. పాకిస్తాన్ ఆక్రమిత కశ్మీర్ కేంద్రంగా పనిచేసే మిలిటెంట్ సంస్థల కూటమి ఆ కచేరీని వ్యతిరేకించింది. కశ్మీరీల బాధను మరుగుపరిచే వినోదమని విమర్శించింది. యువత మాత్రం వేలాదిగా వచ్చింది. పాకిస్తాన్ గాయకుడు భారత భద్రతా దళాల కాపలాలో కశ్మీరీ పిల్లల ముందు బుల్లే షాను పాడిన ఆ సాయంత్రం ఏ ఒప్పందం మీదా సంతకాలు కాలేదు. కానీ ఆ మాటకొస్తే సంతకాలైన ఒప్పందాలు ఎన్ని నిలిచాయి?

సరిగ్గా ఆరు నెలలకు నవంబరు 26 వచ్చింది. ముంబయిలో 166 మంది చనిపోయారు. దాల్ ఒడ్డు సాయంత్రాన్ని గుర్తు చేసుకునే ఓపిక ఎవరికీ మిగలలేదు.

పాట ఎవరి పౌరసత్వం?

అక్కడి నుంచి మన వైపు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 2015 అక్టోబరులో ముంబయిలో గులాం అలీ కచేరీ శివసేన బెదిరింపుతో రద్దయింది. 2016లో ఉరీ దాడి తర్వాత సినీ నిర్మాతల సంఘం పాకిస్తానీ కళాకారులను తీసుకోరాదని తీర్మానించింది. జునూన్ రజతోత్సవ ఆల్బమ్ వచ్చింది ఆ ఏడాదే. ఇక్కడ దాన్ని పట్టించుకున్నవారు అరుదు. 2019లో పుల్వామా తర్వాత నిషేధం మరింత బిగిసింది. 2018 డిసెంబరు 25న కరాచీలో ముగ్గురూ మళ్లీ ఒకే వేదిక ఎక్కినప్పుడు, ‘సయోనీ’ తరం భారతీయులు ఫోన్లలో చూసి సరిపెట్టుకున్నారు. 2025 మేలో ఆ ఫోన్ తలుపుకు కూడా గొళ్లెం పడింది.

ప్రతివాదం బలమైనదే, దాన్ని దాటవేయకూడదు. తమవారిని పోగొట్టుకున్న కుటుంబాల ముందు సూఫీ పాటల గురించి మాట్లాడటం పరిహాసంలా వినిపిస్తుంది. కళాకారుల రాకపోకలు రావల్పిండి జనరల్స్ వైఖరిని ఇసుమంతైనా మార్చలేదనేది చారిత్రక సత్యం. యుద్ధవేళ శత్రుదేశపు పౌరుడికి వీసా, వేదిక, పారితోషికం నిరాకరించే హక్కు ఏ రాజ్యానికైనా ఉంటుంది. వీటన్నిటినీ ఒప్పుకుంటాను.

కానీ వీసా నిరాకరించడం ఒకటి. 1999లో రికార్డయిన పాటను 2025లో భారతీయుడు వినకుండా చేయడం మరొకటి. మొదటిది పాకిస్తానీ మీద ఆంక్ష. రెండోది భారతీయుడి మీద ఆంక్ష. ఈ తేడాను మన న్యాయస్థానాలు గుర్తించాయి. పాకిస్తానీ కళాకారులతో పనిచేయడాన్ని పూర్తిగా నిషేధించాలన్న పిటిషన్‌ను 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అంత సంకుచితంగా ఉండవద్దని పిటిషనర్‌కు హితవు చెప్పింది. రెండేళ్లు తిరక్కముందే, పార్లమెంటు చేసిన చట్టంతో కాకుండా, 2021 ఐటీ నియమాలను ఉటంకించిన ఒక అడ్వైజరీతో అంతకు మించినది అమలైంది. గడువు లేదు, సమీక్ష ఎప్పుడో చెప్పలేదు, ఏ పాటలో దేశభద్రతకు ముప్పు ఉందో విడిగా చూసే ఏర్పాటు లేదు. అణుబాంబును ప్రశ్నించి సొంత దేశంలో నిషేధానికి గురైనవాడి పాటా, భారత్ మీద విషం కక్కేవాడి పాటా ఒకే జాబితాలో చేరాయి.

చరిత్రకారుడికి ఇంకో దిగులు కూడా ఉంది. క్యాసెట్ కాలంలో నిషేధం వస్తే కొన్న క్యాసెట్ అల్మరాలో ఉండిపోయేది. నవాజ్ షరీఫ్ ప్రభుత్వం టెలివిజన్‌ను మూయగలిగింది గానీ ఇళ్లలోని ‘ఆజాదీ’ క్యాసెట్లను వెనక్కి తీసుకోలేకపోయింది. నేటి శ్రోత పాటను కొనడం లేదు, అద్దెకు వింటున్నాడు. సర్వర్ మీద ఒక మీట నొక్కితే పాతికేళ్ల సంగీతం రాత్రికి రాత్రి కనిపించకుండా పోతుంది. 1998 నాటి ఇస్లామాబాద్‌కు ఈ సాంకేతికత లేదు. ఉంటే ‘పర్వాజ్’ను మనం విని ఉండేవాళ్లం కాదు.

జునూన్ చరిత్రలో రాజ్యం పాత్ర ఎప్పుడూ ఒక్కటే, దేశాలు మాత్రం మారాయి. 1998లో భారత్‌లో మాట్లాడినందుకు పాకిస్తాన్ వారి నోరు నొక్కింది. 2025లో పాకిస్తాన్‌లో పుట్టినందుకు భారత్ వారి పాటను ఆపింది. మొదటి నిషేధాన్ని మన పత్రికలు అప్పట్లో ముక్తకంఠంతో ఖండించాయి. భారత్‌కు పాటంటే భయం లేదు, అదే మనకూ వారికీ తేడా అని గర్వంగా రాసుకున్నాం. ఆ వాక్యం ఇవాళ కూడా నిజం కావాలంటే ఆ అడ్వైజరీకి ఒక గడువు, ఒక సమీక్షా సంఘం, పాత సంగీతానికి ఒక మినహాయింపు ఉండాలి. ఇవి పెద్ద కోరికలేమీ కావు. సరిహద్దులో సైనికుణ్ణి బలహీనపరిచే కోరికలు అంతకన్నా కావు.